అరవై ఒకటో పెట్టె

జిప్పు నోరు విప్పడని లాకప్ గదిలో బల్ల ముందు కూర్చోకముందే డిటెక్టివ్‌కి తెలుసు. పెట్టెల కార్ఖానాలో అతనికి ఆ పేరు రెండు కారణాల వల్ల వచ్చింది. ఒకటి, జిప్పులు కుట్టే పని అతనిది. రెండు, నోరు ఒకసారి మూశాడంటే ఇక అంతే.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. నాలుగింటికి జిప్పుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కణ్ణుంచి హత్యానేరం మీద జైలుకి. ఆ గేటు దాటిన మనిషి మళ్ళీ ఇటు రావడానికి ఎన్ని నెలలు పడుతుందో డిటెక్టివ్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్ఫై రెండేళ్ళ పోలీసు ఉద్యోగంలో తనే ఎంతోమందిని దాటించాడు. రిటైరై ఆరేళ్ళయినా ఈ గది మారలేదు. కుర్చీ మాత్రం ఇంకా కుంటిదైంది, అచ్చం తన మోకాళ్ళలాగే.

"సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట యాభై నుంచి మూడూ ఐదు దాకా ఎక్కడున్నావురా?"

"కార్ఖానా మీద నా గదిలో. పడుకున్నాను బాబాయ్."

"ఎవరైనా చూశారా?"

"పడుకున్నవాణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు?"

డిటెక్టివ్ నిట్టూర్చాడు. "ఆ గంటలోనే మందుల షాపాయన్ని ఎవరో తలమీద కొట్టి చంపారు. శవం పక్కన నీ పెట్టె దొరికింది. మూత లోపల అరవై ఒకటి అని నంబరుంది. మీ అక్క కార్ఖానా రిజిస్టర్లో ఆ నంబరు ఎదురుగా నీ పేరుంది. పెట్టెలో గాజు సీసా, నలిపే డబ్బీ, పీల్చే గొట్టం, గంజాయి. ఇంకేం కావాలి వాళ్ళకి?"

"పెట్టె నాదే బాబాయ్. నా దగ్గర లేదు. ఇచ్చేసి రెణ్ణెల్లయింది."

"ఎవరికి?"

జిప్పు బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మేశావా?"

"లేదు. అవసరముందంటే ఊరికే ఇచ్చాను."

"అదే, ఎవరికి?"

"ఇన్‌స్పెక్టరు అడిగితే చెప్పలేదు. అక్క ఏడ్చి అడిగినా చెప్పలేదు. మీరైతే అసలు అడగొద్దు బాబాయ్."

కోపం రావలసిన చోట డిటెక్టివ్‌కి నీరసం వచ్చింది. ఉరితాడు మెడమీదకొస్తున్నా మర్యాద తప్పని మనుషులంటే అతనికి మొదట్నుంచీ భయమే. దొంగని మాట్లాడించొచ్చు, మాటిచ్చినవాణ్ణి మాట్లాడించడం బ్రహ్మతరం కాదు. లేవబోతుంటే జిప్పే అడిగాడు.

"పిన్ని ఎలా ఉంది? నిద్ర పడుతోందా?"

"రెణ్ణెల్లుగా హాయిగా పడుతోంది. నా నూనె బాగా పట్టింది."

జిప్పు మొహంలో రెండు రోజులుగా లేని వెలుగు కాస్త కనపడింది. "మంచిది బాబాయ్. నూనె మానకండి."

డిటెక్టివ్ భార్యకి ఎముకల్లో జబ్బు. మంచం పట్టి ఏడాది దాటింది. డాక్టర్లు చేతులెత్తేశాక అతనే వాము, కర్పూరం, యూకలిప్టస్ ఆకు వేసి నువ్వులనూనె కాచి, రోజూ సాయంత్రం ఆమె కాళ్ళకి రాస్తున్నాడు. మొదటి పది నెలలూ గుణం లేదు. రెండు నెలల కిందట ఉన్నట్టుండి ఆమెకి నిద్ర పట్టడం మొదలైంది. ఉద్యోగంలో వచ్చిన పతకాలన్నీ ఒక ఎత్తు, ఆ సీసాడు నూనె ఒక ఎత్తు అతనికి. వచ్చినవాళ్ళకల్లా దాని గురించి చెప్పి విసిగిస్తాడు.

రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఒక నర్సమ్మ వచ్చి ఆమెకి ఒళ్ళు తుడిచి, ఇంజక్షన్ ఇచ్చి వెళ్తుంది. డిటెక్టివ్ బయట పనులన్నీ ఆ రెండు గంటల్లోనే. సోమవారం మాత్రం ఆవిడ మూడూ ఇరవైకి గానీ రాలేదు. బస్సు చెడిపోయిందట. అంతసేపూ గుమ్మంలో నిలబడి అతని మోకాళ్ళు పట్టేశాయి. ఈరోజు జిప్పు కోసమని పక్కింటావిడని రెండింటిదాకా కూర్చోమని బతిమాలి బయటపడ్డాడు. బయల్దేరేటప్పుడు భార్య, "పిల్లాడు రెండ్రోజులుగా రాలేదేం?" అని జిప్పు గురించే అడిగింది. వాడికీ, వాళ్ళ అక్కకీ కుట్టుపని నేర్పింది ఆవిడే. అతను పనెక్కువగా ఉందట అని చెప్పి, మడత విప్పని పేపరు ఆమె దిండు పక్కన పెట్టి వచ్చేశాడు. కేసుల మాట ఇంట్లో ఎత్తకూడదన్నది ఆమె పెట్టిన నియమం. అది ఇవాళ బాగానే పనికొచ్చింది.

పన్నెండున్నరకి మందుల షాపు వెనకగదిలోకి అడుగుపెట్టేసరికి, షాపు గుమాస్తా చెప్పిందే మళ్ళీ చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఒంటిగంట యాభైకి భోజనానికెళ్ళానండి. ముందు షట్టరు నేనే దించాను. మూడూ ఐదుకి వచ్చి చూస్తే ఇదిగో, ఇక్కడ పడున్నారు."

"వెనక తలుపు?"

"లోపల గడియ. సారే తీయాలి. తెలిసినవాళ్ళకైతేనే తీస్తారు."

గదిలో రెండు స్టూళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి. వచ్చిన మనిషి కూర్చున్నాడన్నమాట. బల్ల మీద చిన్న త్రాసు, ఒక పళ్ళెం కొద్దిగా వంగి ఉంది. షాపాయన చాటుగా గంజాయి తూచి అమ్మేది దానిమీదే. చంపిన వస్తువు మందులు నూరే ఇత్తడి రోకలి. అది నేలమీదే దొరికింది. తలుపు విరగలేదు, పెనుగులాట లేదు. కూర్చుని మాట్లాడుకున్నారు, మాట పెరిగింది, చేతికందినది తీశారు. ఇందులో పథకం లేదు. పథకం లేని హత్యలే డిటెక్టివ్‌ని ఎక్కువగా అలిసిపోయేలా చేస్తాయి. తెలివిని తెలివితో పట్టుకోవచ్చు, తొందరపాటుకి తలా తోకా ఉండవు.

"శవం ఫోటో ఉందా?"

"నా దగ్గరుంది గురువుగారూ," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. పదిహేనేళ్ళ కిందట డిటెక్టివ్ చేతికింద పని నేర్చుకున్నవాడు. ఒకసారి ఒకే రిపోర్టు పద్నాలుగుసార్లు తిరగరాయించాడని ఇప్పటికీ మరిచిపోలేదు. గురువుగారూ అన్న పిలుపులో ఆ పద్నాలుగు కాగితాల బరువూ ఉంటుంది.

"రిటైరయ్యాక మనవలతో ఆడుకుంటారనుకున్నాను. నా కేసులతో ఆడుతున్నారు."

"మనవలు లేరుగా మరి. ఫోటో ఇలా ఇవ్వు."

ఇన్‌స్పెక్టరు ఇచ్చాడు. షాపాయన బోర్లా పడి ఉన్నాడు. తల వెనక గాయం మీద దూదిగుడ్డ. డిటెక్టివ్ కళ్ళద్దాలు పైకెత్తి, ఫోటో ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, చివర కొసని లోపలికి దోపారు, కవరు మూసినట్టు.

"ఈ గుడ్డ ఎవరు పెట్టారు?"

"ఈ గుమాస్తాయే అయ్యుంటాడు."

"నేను కాదండీ," అన్నాడు గుమాస్తా. "ఒంటిమీద చెయ్యే వెయ్యలేదు. భయమేసి రోడ్డుమీదకి పరిగెత్తాను."

"అంటే కొట్టినవాళ్ళే రక్తం ఆపడానికి చూశారు," అన్నాడు డిటెక్టివ్. "అదీ వణికే చేతులతో కాదు. మా జిప్పు తొడుగులు కుట్టగలడు గానీ, వేలు తెగితే కళ్ళు తిరిగి పడిపోతాడు."

"చంపినవాడికి జాలి పుట్టకూడదా? కోర్టులో గుడ్డ మడత ఎవరు చూస్తారు గురువుగారూ? పెట్టె చూస్తారు."

ఆ మడత తనెక్కడో చూశాడు. ఎక్కడో మాత్రం గుర్తు రావడం లేదు. అలిసిన బుర్ర పాత బీరువాలాంటిది. లాగితే రాదు, వదిలేస్తే దానంతటదే తెరుచుకుంటుంది. డిటెక్టివ్ ఫోటో తిరిగిచ్చేశాడు.

"పెట్టె ఫోటో పొద్దున పేపర్లో వేయించావు, ఇందాక స్టేషన్లో చూశాను. ఎందుకు?"

"ఎవరైనా గుర్తుపట్టి వస్తారని."

"గుర్తుపట్టేవాళ్ళకంటే ముందు, దాక్కోవలసినవాళ్ళు చూస్తారు. నీకు నేర్పిన మొదటి పాఠం అదే."

"మీరు నేర్పిన మొదటి పాఠం, నంబరున్న వస్తువు అబద్ధం చెప్పదని. అదే పట్టుకున్నాను." ఇన్‌స్పెక్టరు గొంతు పెరగలేదు, గట్టిపడింది. "ఈ గంజాయి కేసుల్లో మీరు ఎవరినైనా వదిలారా? ఆ ఆకు ముట్టినవాడు నా గుమ్మం తొక్కకూడదని స్టేషన్లో బోర్డు కట్టినంత పని చేశారు. ఇవాళ మీవాడు దొరికేసరికి గుడ్డలూ మడతలూ కనపడుతున్నాయా?"

డిటెక్టివ్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆ మాట నిజమే కాబట్టి కోపం తెచ్చుకోవడానికి ఓపిక చాల్లేదు.

"ఒక్కటడుగుతాను. పెట్టె తీసుకుని కార్ఖానాకి రా. సీలు నువ్వే విప్పు, మళ్ళీ నువ్వే వెయ్యి. ఆ పెట్టె రెండు నెలలుగా జిప్పు గదిలోనే ఉందని తేలితే, నీ కాగితం మీద సాక్షి సంతకం నేనే చేస్తాను."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. గురువు సంతకం తన కాగితం మీద పడటమంటే చిన్న సంగతి కాదు. "రెండింటికి వస్తాను. నలభై నిమిషాలు. అంతే," అన్నాడు.

కార్ఖానా అంటే పెద్దదేం కాదు. మెట్లెక్కి వెళ్తే రెండు గదులు, ఆరు కుట్టు మిషన్లు, రబ్బరు బంక డబ్బాలు. మూరెడు పొడవుండే గట్టి పెట్టెలు చేస్తారు. పైన దెబ్బకి ఆగే తొడుగు, అంచున గాలి చొరబడని రబ్బరు పెదాలు, లోపల స్పాంజిలో సీసాకీ, గొట్టానికీ, లైటరుకీ విడివిడిగా గుంటలు. అన్నిటికంటే లోపల నల్లటి బొగ్గుగుడ్డ. వాసన బయటికి పోనివ్వకుండా పీల్చుకునేది అదే. పెట్టె అమ్మడం నేరం కాదు. అందులో ఎవరేం దాచుకుంటారో కార్ఖానా అడగదు.

జిప్పు అక్క ఆ కార్ఖానా యజమాని. రెండు రోజులుగా తిండి లేని మొహంతోనే పెట్టె అందుకుని, ఇన్‌స్పెక్టరు కళ్ళ ముందే సూదితో కుట్లు విప్పి నల్లగుడ్డ బయటికి తీసింది.

"ఈ గుడ్డ ఎంతని పీలుస్తుందండీ? మూణ్ణెల్లకోసారి నిండిపోతుంది. అందుకని కొన్నవాళ్ళు మా దగ్గరికే తెస్తారు. పొయ్యిలో సన్నసెగ మీద పెడితే, తాగిందంతా కక్కేస్తుంది. మళ్ళీ కొత్తదవుతుంది."

"కక్కితే గంజాయి కక్కుతుంది. అందులో వింతేముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గంజాయి సీసాలో ఉంటుంది కదండీ, బిరడా బిగించి. మొదట కాస్త అదొస్తుంది. తర్వాత వచ్చేది పెట్టె ఉన్న ఇంటి వాసన. తెరిచినప్పుడల్లా ఆ గది గాలి తాగుతుంది ఇది. వంటింట్లో పెట్టుకున్నవాళ్ళ పెట్టె పోపు కక్కుతుంది."

"జిప్పు ఉండేది ఈ కార్ఖానా మీదే," అన్నాడు డిటెక్టివ్. "వాడి చొక్కాలకి కూడా రబ్బరు బంక వాసనే. పెట్టె వాడి దగ్గరుంటే గుడ్డ బంక కక్కాలి. అవునా, కాదా?"

"అవును," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఎక్కడ దొరికిపోతున్నాడో చూసుకుంటూ. "కానీ వాసన చూసేది ఈవిడేగా. తమ్ముడి కోసం లేదంటుంది."

"నేను చూడనండీ," అంది ఆమె. "చూసినా నాకు తెలీదు. పొద్దస్తమానం ఈ బంకలోనే బతుకుతాను. ఎవరింటి వాసన వాళ్ళ ముక్కుకి అందదు. అందుకే ఎవరి పెట్టె వాళ్ళు చూడకూడదని మా నాన్న పెట్టిన రూలు. బంక ఉందో లేదో మీరే చెప్పండి. మిగతాది నేను చెప్తాను."

గుడ్డ పొయ్యిలో పెట్టింది. రెండూ ఇరవై. డిటెక్టివ్‌కి కునుకు పట్టబోయింది. సరిగ్గా రెండూ నలభైకి ఆమె పొయ్యి తలుపు వారగా తీసింది.

ఇన్‌స్పెక్టరు వంగి పీల్చాడు. మొదట మొహం చిట్లించాడు. "గంజాయి." కాస్త ఆగి మళ్ళీ పీల్చాడు. ఈసారి చాలాసేపు వంగే ఉన్నాడు. లేచినప్పుడు అతని మొహంలో బింకం సడలింది.

"బంక లేదు గురువుగారూ. ఏదో మందు వాసన. ఘాటుగా ఉంది."

డిటెక్టివ్ గుండెల మీద బరువు దిగింది. జిప్పు అబద్ధం చెప్పలేదు. అతనూ లేచి పొయ్యి దగ్గర వంగాడు. వెచ్చటి గాలి తగిలింది, గంజాయి ఛాయ తగిలింది. అంతకుమించి ఏమీ లేదు.

"మందు వాసనా? నాకేం తెలీడం లేదే."

జిప్పు అక్క కళ్ళు మూసుకుని పీల్చింది. "వాము," అంది. "నూనెలో మాడిన వాము. కర్పూరం. ఇంకోటేదో ఆకు..." అని ఆగిపోయింది. కళ్ళు తెరిచి పొయ్యి వైపు చూడలేదు, డిటెక్టివ్ వైపు చూసింది.

"చెప్పమ్మా," అన్నాడతను.

"బాబాయ్," అందామె మెల్లగా. "ఇది మీ చొక్కా వాసన."

డిటెక్టివ్ చెయ్యి ఎత్తి తన ముంజేతిని వాసన చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఏడాదిగా ఆ నూనె కాచి, రాసి, అందులోనే పడుకుంటున్న మనిషికి ఏం తెలుస్తుంది?

అప్పుడు అన్నీ వరసగా వచ్చాయి. పిన్నికి నిద్ర పడుతోందా అని అడిగిన జిప్పు. మీరైతే అసలు అడగొద్దన్న జిప్పు. రెండు నెలల కిందట పెట్టె చేతులు మారింది, రెండు నెలల కిందటే ఆమెకి నిద్ర పట్టింది. తను నూనెకి కట్టిన పతకం నూనెది కాదు. ఆకు ముట్టినవాడు గుమ్మం తొక్కకూడదన్న మొగుడికి చెప్పలేక, నొప్పి ఓర్చుకోలేక, ఆమె కుట్టు నేర్పిన పిల్లాణ్ణి పెట్టె అడిగింది. వాడు ఆ రహస్యం కోసం జైలుకి పోవడానికి సిద్ధపడ్డాడు. డిటెక్టివ్‌కి సిగ్గేసింది. ఏడాదిగా పక్కనే ఉండి, ఆమె తనకి భయపడుతోందన్న ఒక్క సంగతి కనిపెట్టలేకపోయాడు.

"రాసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "ఆ పెట్టె రెండు నెలలుగా మా ఇంట్లో ఉంది. వాడింది నా భార్య. సంతకం పెడతాను. నాలుగింటి కోర్టు కాగితం ఆపు."

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు గానీ రాయలేదు. "అమ్మగారు మంచం దిగరు కదా గురువుగారూ. పెట్టె షాపుకి ఎలా వెళ్ళింది? ఎవరు తీసుకెళ్ళారు?"

బుర్రలోని పాత బీరువా దానంతటదే తెరుచుకుంది. రోజూ మధ్యాహ్నం భార్య పక్కన స్టూలు మీద దూదిగుడ్డలు. నాలుగు మడతలు, చివర కొస లోపలికి దోపి, కవరు మూసినట్టు. సోమవారం రెండింటికి రావలసిన మనిషి మూడూ ఇరవైకి వచ్చింది. షాపు నుంచి తన ఇంటికి నడిస్తే పావుగంట.

"నర్సమ్మ," అన్నాడు. "పెట్టెలో ఆకు నింపించుకు రావడానికి వెళ్ళుంటుంది. ఇవాళ రెండింటికల్లా మా ఇంటికి వచ్చుంటుంది. పక్కింటావిడ వెళ్ళిపోయుంటుంది."

పెట్టె ఎవరిచేత వెళ్ళిందో తెలిసిన మనిషి లోకంలో తన భార్య ఒక్కతే. ఆ మనిషి దిండు పక్కన పొద్దున్న తనే పేపరు పెట్టి వచ్చాడు, మొదటి పేజీలో అరవై ఒకటో పెట్టె బొమ్మతో.

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు తాళాలు తీసుకుని మెట్ల దగ్గరున్నాడు, ఫోన్లో స్టేషన్‌కి కోర్టు కాగితం ఆపమని చెబుతూ. డిటెక్టివ్ ఇంటికి ఫోన్ చేశాడు. నాలుగోసారి మోగాక ఎత్తారు.

"అమ్మగారికి ఒకసారి ఇవ్వమ్మా."

"పడుకున్నారండీ," అంది నర్సమ్మ, ఎప్పటిలాగే మెత్తగా. "పేపరు చూసి కాస్త కంగారు పడ్డారు. నొప్పి ఎక్కువైందంటే ఇంజక్షన్ ఇచ్చాను. మామూలుగా ఇచ్చేదానికంటే కొంచెం ఎక్కువే ఇచ్చాను. మీరు నిదానంగా రండి, ఇక లేవరు."

"అలాగేనమ్మా," అన్నాడు డిటెక్టివ్. "నువ్వు అక్కడే ఉండు."

ఫోన్ పెట్టేశాడు. మెట్లు పద్దెనిమిదుంటాయి. తనకి మోకాళ్ళ నొప్పులున్నాయన్న సంగతి జీపులో కూర్చున్నాక గానీ అతనికి గుర్తు రాలేదు.